తడిబట్టల పాట

"ఆ చీర ఎవరికిరా?" అని లిడియా అడిగింది.

సన్నీ కవరు మంచం మీద పెట్టి, అక్క మొహం చూడకుండా జవాబు చెప్పాడు. "అమ్మకి. సాయంత్రం స్టేజీ మీద కట్టుకోవడానికి."

"స్టేజీ మీద అమ్మకేం పని?"

"వాళ్ళే అడిగారక్కా. ఉత్తమ గీతం అవార్డు ఇచ్చేటప్పుడు తల్లినో తండ్రినో పక్కన నిలబెడతారు. ప్రతి ఏడూ అంతే."

"నీకే వచ్చిందని అప్పుడే తెలిసిపోయిందా?"

"నిన్న ఫోను చేశారు. ముందుగా చెప్పకపోతే సగంమంది రారని చెప్పేస్తారు."

రెండు రోజులు ఫోన్లో సాగిన పోట్లాట శనివారం పొద్దున్నకి రేపల్లెలో పుట్టింటి ముందుగదిలోకి వచ్చి కూర్చుంది. సన్నీ తెనాలి నుంచి బండి మీద వచ్చాడు. లిడియా బాపట్ల నుంచి మొదటి బస్సుకి వచ్చింది. తండ్రి లూకా వరండాలో పేపరు పట్టుకుని, చదివిన పేజీనే చదువుతున్నాడు. వంటింట్లో రాజమ్మ బియ్యం కడుగుతోంది.

రాజమ్మ బుధవారం నుంచి ఆ సంగతి ఎత్తలేదు. బుధవారం లిడియా పనిగట్టుకుని వచ్చి ఆ వీడియో చూపించింది. పదకొండు నిమిషాలూ రాజమ్మ కళ్ళు తిప్పకుండా చూసింది. అయిపోయాక, "కూర మాడుతోంది," అని లేచి వెళ్ళింది. కూర నిజంగానే మాడింది. ఆ పూట ముగ్గురూ పచ్చడితో తిన్నారు.

ఆ వీడియో లిడియాకి దొరకడం కూడా సన్నీ చేసుకున్నదే. వాడిన పాత ఫోనుని మేనల్లుళ్ళు ఆడుకుంటారని కిందటి నెల బాపట్ల పంపించాడు. పంపేముందు లోపలున్నవి చెరిపేయాలన్న ధ్యాస లేదు. చిన్న తమ్ముడు సామ్యేలు పోయి మూడేళ్ళు నిండుతున్నాయి కదా, జ్ఞాపకార్థ కూటానికి మంచి ఫొటో ఏదైనా ఉంటుందేమోనని లిడియా ఆ ఫోను వెతికింది. ఫొటోకి బదులు ఇది కనిపించింది.

సామ్యేలు నిజాంపట్నం దారిలో యలమంద అనే రైతు దగ్గర రొయ్యల చెరువు మీద పనిచేసేవాడు. నీళ్ళు చిలికే మోటారు సరిచేయబోతే కరెంటు కొట్టింది. తెల్లవారుజామున చెరువు మీద నుంచి నేరుగా ఇంటికి తెచ్చి లోపలి గదిలో పడుకోబెట్టారు. అప్పటికి వాడికి ఇరవై ఆరేళ్ళు.

ఈ రోజుల్లో చావింట్లో ముందు ఫోనుకి స్టాండు వెతుకుతారు, కుర్చీలు తర్వాత. కువైటులో ఉన్న మేనమామకి అంత్యక్రియలు లైవులో చూపించాలని సన్నీ ఆరింటికే గదిలో ఫోను నిలబెట్టాడు. బొమ్మ సరిగ్గా పడుతుందో లేదో చూద్దామని రికార్డింగు నొక్కి, ఐసు పెట్టె కోసం బజారుకి పరిగెత్తాడు. లూకా పాస్టరు అయ్యగారిని పిలవడానికి వెళ్ళాడు. గదిలో సామ్యేలు, తల్లి, ఆ ఫోను మిగిలారు.

ఆ పదకొండు నిమిషాల్లో రాజమ్మ కొడుకు ఒంటి మీది తడిబట్టలు తీసి పొడిబట్టలు కట్టింది. కడుతూ ఏడ్చింది. ఏడుపులో మాటలు, మాటలకి ఒక వరస. తడిబట్టల్తో పడుకోమాక కొడకా, పొడిబట్ట తెచ్చాను లెగరా కొడకా, అని. చెరువు మీద నుంచి వచ్చి తడిబట్టలతోనే మంచమెక్కడం సామ్యేలుకి అలవాటు. రాజమ్మ రోజూ తిట్టేది.

తర్వాత జనం వచ్చారు. రాజమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. సమాధుల తోట నుంచి అందరూ తిరిగొచ్చేదాకా ఒక్క కన్నీటి చుక్క రాలలేదు. ఆమెకి గుర్తున్నది ఆ గోడ ఒక్కటే. దానికి ముందు జరిగినదంతా ఎవరో తుడిచేసినట్టు పోయింది. పక్కింటి సుందరమ్మ నలుగురిలో, "అది మనిషా, రాయా," అంది. అయ్యగారు మాత్రం ఆదివారం ప్రసంగంలో మెచ్చుకున్నారు. నిరీక్షణ అంటే, పోయినవాళ్ళు తిరిగి లేస్తారన్న నమ్మకమంటే, రాజమ్మగారిలా ఉండాలన్నారు. రాయి అన్న మాటా, ఆ మెప్పూ రాజమ్మకి ఒకే చోట తగిలాయి. కొడుకు పక్కన కూర్చుని ఏడవలేని తల్లినని ఆమె మూడేళ్ళుగా నమ్ముతోంది. ఆ నమ్మకంతోనే లేస్తోంది, వండుతోంది, గుడికి వెళ్తోంది.

సన్నీ ఆ పదకొండు నిమిషాల్లోంచి పాట చేశాడు. కొడకా అన్నచోటల్లా ప్రభువా అని పెట్టాడు. తడిబట్టలతో పడుకున్నాను ప్రభువా, పొడివస్త్రమిచ్చి లేపవా ప్రభువా. ఏడాది తిరిగేసరికి కోస్తా జిల్లాల్లో ఆ పాట పాడని గుడి లేదు. తడిబట్టలంటే పాపమని ఒక ప్రసంగీకుడు చెప్పాడు. కాదు, శోధనలన్నాడు ఇంకొకాయన. పేరాల ఊళ్ళో ఒక నేతపనివారి ఇంటి కూటంలో ఆ ఒక్క మాట మీదే గంటన్నర వాక్యం చెప్పారట. లిడియా కూడా మొదట్లో, తమ్ముణ్ణి తల్చుకుని రాశాడు కాబోలని గర్వపడింది. రాజమ్మ స్త్రీల సమాజంలో నలుగురితో పాటు చప్పట్లు కొడుతూ ఆ పాట పాడింది. బాగుందో బాగాలేదో ఆమెకి తెలియలేదు.

"ఆ పాట అమ్మదిరా," అంది లిడియా. పొద్దుటి నుంచి ఈ మాట అనడం ఇది ఐదోసారి.

"అమ్మ ఏడ్చింది. పాట నేను చేశాను."

"మాటలు అమ్మవి, వరస అమ్మది. నువ్వు చేసిందేంటి, తమ్ముణ్ణి తీసేసి దేవుణ్ణి పెట్టావు."

"కొడకా అని పాడితే ఎవరు పాడతారక్కా? అందరి కొడుకులూ పోయారా?"

ఆ మాట అన్నందుకు సన్నీకే తలొంచుకోవాల్సి వచ్చింది. వరండాలో పేపరు పేజీ తిరిగింది.

"నేను ఆ వీడియో నలభైసార్లు విన్నాను," అన్నాడు కాసేపటికి. "వాడు నాకూ తమ్ముడేగా. నాకు ఏడుపు రాలేదు. అమ్మ ఏడుస్తుంటే ఆ వరస కీబోర్డు మీద వెతుక్కుంటూ కూర్చునేవాణ్ణి. అలా పుట్టింది. దొంగతనం చెయ్యాలని కూర్చోలేదు."

"అదే చెప్పొచ్చుగా. మరి సాక్ష్యం మాటేంటి? మూడు రోజులు ఉపవాసం ఉన్నావంట. తెల్లవారుజామున దేవుడి స్వరం వినపడిందంట. మా స్కూల్లో టీచర్లందరూ ఆ ఇంటర్వ్యూ చూసి నాకు చెప్పారు."

సన్నీ మంచం మీద కూలబడ్డాడు.

"ఈ ఫీల్డులో పాట ఎలా రాశావని అడగరక్కా. దేవుడు నీకు ఈ పాట ఎప్పుడిచ్చాడని అడుగుతారు. ఇంటర్వ్యూలో యాంకరు ఉషశ్రీగారు కెమెరా ముందు అలాగే అడిగారు. ఏదో ఒకటి చెప్పాలి. నోటికొచ్చింది చెప్పేశాను. అక్కడి నుంచి ఏ ఊరు వెళ్ళినా అదే అడుగుతారు, అదే చెబుతా. ఇప్పుడు కాదంటే అబద్ధ సాక్ష్యం చెప్పినోణ్ణి అవుతా. ఏ గుడిలోనైనా నన్ను కీబోర్డు ముట్టుకోనిస్తారా? తెనాలిలో నా స్టూడియోకి తాళం వేసుకోవాల్సిందే."

"అయితే ఇవాళ కూడా అదే చెబుతావా? అమ్మని పక్కన నిలబెట్టుకుని?"

లిడియా తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, మీరన్నా మాట్లాడండి."

లూకా హైస్కూల్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. సంఘంలో పెద్ద. ఎవరింట్లో తగువొచ్చినా ఆయన్ని పిలుస్తారు. తన ఇంట్లో మాత్రం ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

రాజమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ముగ్గురూ ఒకేసారి చూశారు.

"నువ్వు ఆ రోజే విన్నావా?" అని సన్నీని అడిగింది. కోపం లేదు, దుఃఖం లేదు. పాలవాడు వచ్చాడా అని అడిగినట్టే అడిగింది.

"ఆ సాయంత్రం విన్నానమ్మా."

"నాకు చెప్పలేదే."

"నీకు గుర్తుందనుకున్నా."

"లేదు."

కుక్కరు కూత వేసింది. రాజమ్మ దాని వైపు చూడలేదు.

"సుందరమ్మ నన్ను రాయి అన్నప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు. ఆ కుర్చీలో కూర్చున్నావు."

సన్నీ కుర్చీ వైపు చూశాడు. జవాబు రాకపోయినా ఆమె మొహంలో ఏ మార్పూ లేదు.

"ఇవాళ అయ్యగారు వస్తున్నారా?"

"ఎవరు, మన కృపానందం అయ్యగారా? వస్తారమ్మా. నా అవార్డు ఆయన చేతుల మీదే ఇప్పిస్తున్నారు."

"అయితే వస్తాను."

"అమ్మా," అంది లిడియా.

"ఆ చీర వద్దు. గుడికి కట్టుకునే తెల్లచీర ఉంది. అన్నం అయింది, తినండి."

లిడియా తినలేదు. తల్లి నోరు విప్పి పోట్లాడుతుందని బాపట్ల నుంచి రెండుసార్లు బస్సెక్కి వచ్చింది. ఆ తల్లి తెల్లచీర తీస్తోంది. చెప్పులేసుకుంటూ, "నేను ఆ హాల్లో కూర్చోలేను. ఇంటికెళ్ళి ఫోన్లో చూస్తా. చూడలేకపోతే కట్టేస్తా," అంది. ఎవరూ ఆపలేదు. బాపట్ల బస్సు దొరికిందని పావుగంటకి తండ్రికి మెసేజీ పెట్టింది. తల్లికి పెట్టలేదు.

*

సన్నీ సౌండు చూసుకోవాలని ముందే వెళ్ళాడు. లూకా, రాజమ్మ మధ్యాహ్నం పాసింజరు ఎక్కారు. శనివారం కాబట్టి బండిలో జనం పలచగా ఉన్నారు. రాజమ్మ కిటికీ పక్కన కూర్చుంది. భట్టిప్రోలు దాటింది.

"నాకూ చూపిస్తావా?" అన్నాడు లూకా.

"ఏంటి?"

"ఆ వీడియో."

"ఫోను లిడియా పట్టుకుపోయింది."

లూకా తల ఊపాడు. చూడాల్సిన పని తప్పినందుకు ఆయనకి కొంచెం తేలికైంది. ఆ తేలిక భార్యకి కనిపించిందేమోనని సిగ్గేసింది కూడా. ఎదుటి సీట్లో ఒకామె ఫోన్లో పాటలు వింటోంది. అదృష్టం కొద్దీ అవి సినిమా పాటలు.

"ఒకటి చెప్పాలి నీకు," అన్నాడు లూకా. "ఆ రోజు నువ్వు ఏడవలేదని నీ మీద కోపం పెట్టుకున్నాను."

రాజమ్మ బయటికే చూస్తోంది.

"అందరూ నిన్ను మెచ్చుకుంటుంటే ఔనౌనన్నాను. ఇంటికొచ్చి నీ మొహం చూస్తే కోపమొచ్చేది. కన్నకొడుకు కదా, ఒక్కసారి ఏడిస్తే ఏం పోయిందని. మూడేళ్ళు పెట్టుకున్నాను."

"తెలుసు."

"తెలుసా?"

"మంచినీళ్ళు నా చేతిలోంచి అందుకోవడం మానేశారు. బల్ల మీద పెడితే తీసుకునేవారు."

లూకా ఒళ్ళో ఉన్న సంచి సర్దుకున్నాడు. సర్దడానికి అందులో ఏమీ లేదు. ఒక గొడుగు, ఒక నీళ్ళసీసా. ఆయన సీసా తీసి ఆమెకి ఇచ్చాడు. ఆమె రెండు గుక్కలు తాగి తిరిగి ఇచ్చింది. ఆయన అందుకున్నాడు.

"చూస్తే ఏమనిపించింది?" అని అడిగాడు.

"ఏమీ అనిపించలేదండీ. ఎవరో ఏడుస్తున్నట్టుంది. చీర నాది. జుట్టుముడి నాది. గొంతు కూడా నాదే అయ్యుండాలి. నేనే అని నాకు నేను చెప్పుకున్నా. అయినా ఇక్కడికి రాలేదు." ఆమె గుండె మీద చెయ్యి పెట్టి చూపించి, చెయ్యి తీసేసింది. "నాకు మూడేళ్ళుగా ఏదీ తెలీట్లేదు. ఉప్పెక్కువైనా తెలీదు. అందుకే మీకు రోజూ కూర అలా వస్తోంది."

"నేను ఎప్పుడన్నా అన్నానా?"

"అనలేదు. అంటే బాగుండేది."

బండి వేమూరులో ఆగింది. ఇద్దరు ఆడవాళ్ళు కొబ్బరికాయల గోతాలతో ఎక్కి, వీళ్ళ కాళ్ళ దగ్గర దించారు. రాజమ్మ కాళ్ళు పక్కకి పెట్టుకుంది.

"పాట సంగతి ఏం చేద్దామనుకుంటున్నావు?" లూకా గొంతు తగ్గించాడు.

"పాట వాడిదే ఉండనీండి. నాకెందుకు? వాడు బతకాలిగా. నేను ఏడ్చానని ఒక్క మాట చెబితే చాలు నాకు."

"ఎవరికి?"

"అందరికీ. నేను ఏడవలేదని అయ్యగారు అందరికీ చెప్పారుగా."

"వాడు చెబితే ఆ వీడియో సంగతీ బయటికొస్తుంది. వాడి సాక్ష్యం నిలబడదు, రాజమ్మా."

ఆ మాటకి ఆమె మొదటిసారి భర్త వైపు తిరిగింది. ఆ సంగతి ఆమె అప్పటిదాకా ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించింది. కొడుకు నష్టపోతాడని తెలిసినా మనసులో బాధ కదలకపోవడం చూసి, తనకి తనే పరాయిదానిలా అనిపించింది.

"అలాగా," అంది. మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

*

కోస్తా స్తుతిగీత పురస్కారాలకి ఇది ఎనిమిదో ఏడు. తెనాలిలో ఒక పెళ్ళిళ్ళ హాలు తీసుకుంటారు. నిన్నటి పెళ్ళివాళ్ళు కుర్చీలకి తొడిగిన గులాబీరంగు గుడ్డలు అలాగే ఉంచేశారు. స్టేజీ వెనక పెద్ద తెర, దాని మీద తిరుగుతున్న బంగారురంగు వీణ. ఉత్తమ గీతం, ఉత్తమ గాయని, ఉత్తమ కీబోర్డు, ఉత్తమ బృందగానం, ఎక్కువమంది చూసిన పాట, చూడాల్సినంతమంది చూడని మంచి పాట. ఎవర్నీ చిన్నబుచ్చకుండా పంపడం నిర్వాహకులకి బాగా తెలుసు. అందుకే ఎనిమిదేళ్ళు నడిచింది.

రాజమ్మని మొదటి వరసలో కూర్చోబెట్టారు. ఎవరెవరో వచ్చి, "అమ్మా, వందనాలండి. మీ అబ్బాయి పాట మా ఇంట్లో రోజూ పాడతామండి," అన్నారు. కాకుమాను నుంచి వచ్చిన ఒక ముసలామె ఆమె చేతులు పట్టుకుని, తన భర్త పోయినప్పుడు ఆ పాటే ఆదుకుందని చెబుతూ ఏడ్చేసింది. రాజమ్మ ఆమె భుజం తట్టింది. ఇంతమందికి ఏడుపు ఇచ్చిన పాట తనకి మాత్రం ఏమీ ఇవ్వలేదు. కొంచెం అసూయ కలిగింది. ఆ అసూయ అయినా కలిగినందుకు ఆశ్చర్యపోయింది.

మధ్యలో సన్నీ వచ్చి పక్కన వంగాడు. కొత్త కోటు వేసుకున్నాడు. మెడ దగ్గర చెమట పట్టింది.

"అమ్మా, నువ్వేం మాట్లాడక్కర్లేదు. నిలబడితే చాలు."

"సన్నీ, ఒక్క మాట."

"ఇంటికెళ్ళాక మాట్లాడుకుందామమ్మా. పిలుస్తున్నారు."

నిజంగానే పిలుస్తున్నారు. అయినా పిలుపు పూర్తికాకముందే అతను పరిగెత్తాడని లూకాకి అనిపించింది.

ఆరు కావస్తుండగా ఉషశ్రీ మైకులో ఉత్తమ గీతం అని ప్రకటించింది. తెర మీద పాట వేశారు. హాలంతా లేచి నిలబడి పాడింది. వెనక వరసల్లో చేతులెత్తి పాడినవాళ్ళున్నారు. పాట అయ్యాక సన్నీని, తల్లిని స్టేజీ మీదికి పిలిచారు. లూకా కింద ఉండిపోయాడు. మెట్ల దగ్గర రాజమ్మ చెప్పులు విడిచింది. అక్కడ ఎవరూ విడవలేదు, ఆమెకి అలవాటు.

కృపానందం అయ్యగారు బంగారువీణ బొమ్మ సన్నీ చేతుల్లో పెట్టారు. ఫొటోలు తీశారు.

"సన్నీగారూ, మీకు ఈ పాట దేవుడు ఎలా ఇచ్చాడో మా అందరికీ మరోసారి చెప్పండి," అంది ఉషశ్రీ.

సన్నీ మైకు తీసుకున్నాడు. లూకా ముందుకి వంగాడు.

"మూడు రోజులు ఉపవాస ప్రార్థనలో ఉన్నానండి," అన్నాడు సన్నీ. "మూడో రోజు తెల్లవారుజామున..."

మిగతాది హాలుకి తెలుసు. ఎక్కడ ఆమెన్ అనాలో కూడా తెలుసు. సన్నీ గొంతు ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గించాడు. తల్లి వైపు మాత్రం చూడలేదు. రెండు నిమిషాల్లో ముగించి మైకు అయ్యగారికి ఇచ్చాడు.

అయ్యగారు మంచి మనిషి. సామ్యేలు పోయినప్పుడు నలభై రోజులూ ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు. ఇవాళ కూడా ఆయన కడుపునిండా సంతోషంతోనే మాట్లాడారు.

"ఈ బిడ్డ గురించి చెప్పారు. ఈ తల్లి గురించి నేను చెప్పాలి. ఇరవై ఆరేళ్ళ చిన్నకొడుకు పోతే ఈమె ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. నేను కళ్ళారా చూశాను. అంత నిరీక్షణ గల తల్లి కాబట్టే అలాంటి కొడుకు పుట్టాడు, అలాంటి పాట వచ్చింది."

చప్పట్లు మోగాయి. కాకుమాను ముసలామె లేచి నిలబడి కొట్టింది. ఉషశ్రీ మైకు రాజమ్మ చేతిలో పెట్టింది. ఇలాంటప్పుడు తల్లులు అందరికీ వందనాలండి అని మైకు తిరిగి ఇచ్చేస్తారు.

"అందరికీ వందనాలండి," అంది రాజమ్మ.

ఉషశ్రీ మైకు కోసం చెయ్యి చాపింది. రాజమ్మ ఇవ్వలేదు.

"అయ్యగారూ, నేను ఏడ్చానండి."

అయ్యగారు నవ్వారు. "తల్లి మనసు కదమ్మా. లోపల ఏడ్చే ఉంటారు."

"లోపల కాదండి. పైకే. మీరు రాకముందు."

హాల్లో చప్పుడు తగ్గింది. వెనక వరసల్లో ఏదో సరదా మాటనుకుని నవ్వినవాళ్ళు నవ్వు ఆపేశారు. లూకా జేబులో ఫోను వణికింది. బాపట్ల నుంచి లిడియా. ఆయన తియ్యలేదు.

"నాకు గుర్తు లేదండి," అంది రాజమ్మ. స్త్రీల సమాజంలో హాజరు చెప్పినట్టు చెబుతోంది. "అందుకే మూడేళ్ళూ మీరందరూ ఏడవలేదంటే ఔననుకున్నా. నిజంగా ఏడ్చానంట. మావాడు విన్నాడు."

ఆమె సన్నీ వైపు తిరిగింది.

"నీ పాట నీదే. నేనేం అడగట్లేదు. చెప్పు నాయనా. ఆ పొద్దున్న నేను ఏడ్చానా, లేదా?"

మైకు కొడుకు నోటి దగ్గర పెట్టింది. సన్నీ రెండు చేతుల్లోనూ వీణ బొమ్మ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు. ఉషశ్రీ కెమెరా వైపు చూసి నవ్వబోయి మానేసింది. సన్నీకి ఆ గది కనిపించింది. ఆ కుర్చీ కనిపించింది. ఈసారి కూడా ఊరుకుంటే తల్లి ఏమీ అనదని అతనికి తెలుసు. మైకు ఇచ్చేసి, చెప్పులు వేసుకుని, పాసింజరెక్కి రేపల్లె వెళ్ళి వంట చేస్తుంది. అది తలుచుకునేసరికి అతనికి భయం వేసింది.

"ఏడ్చిందండి," అన్నాడు.

హాలంతటికీ వినపడింది. రాజమ్మ ఆ మాట వింటే తనకి ఏదో అవుతుందనుకుంది. ఏమీ కాలేదు. నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్నాయి. ఇక దిగిపోదామని మైకు ఉషశ్రీకి ఇచ్చేసింది.

అయ్యగారు కదల్లేదు. ఆయన మొహంలో నవ్వు పోయి, మూడేళ్ళు తప్పు చెప్పానే అన్న బాధ వచ్చింది. ఆయన ఉషశ్రీ చేతిలోని మైకు తీసుకుని సన్నీ దగ్గరికి వచ్చారు. మందలింపేం లేదు. తప్పు సరిదిద్దుకోవాలని అడుగుతున్న మనిషిలా చాలా మెల్లగా అడిగారు.

"ఏమని ఏడ్చింది బాబూ?"

ఆ మాటలు హాల్లో ఉన్న నాలుగువందల మందికీ కంఠతా వచ్చు. సన్నీ వీణ బొమ్మ కింద పెట్టి, మైకు అందుకున్నాడు.